వద్దని చెప్పగలిగే వాక్యం: ఒక ఫిజిక్స్ లెక్చరర్ కేస్ స్టడీ

ఆయనకు 43 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. విజయవాడ దగ్గర ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో సీనియర్ లెక్చరర్. భార్య జాతీయ బ్యాంకులో క్లర్క్. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఐదు. తెనాలి దగ్గర ఊళ్లో తండ్రి ఒక్కరే ఉంటారు, పొలం కౌలుకిచ్చారు. ఇంటి మీద లోను ఇంకా చాలా ఉంది.

మేనేజ్‌మెంట్ ఆయన్ను హైదరాబాద్‌లో డీన్‌గా రమ్మంది. జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు. కొన్ని క్యాంపస్‌ల ఫిజిక్స్ లెక్చరర్లను చూసుకోవాలి, వీక్లీ టెస్టుల పేపర్లు ఖరారు చేయాలి, ఫలితాల మీద మీటింగులు పెట్టాలి, ఎండాకాలంలో అడ్మిషన్ల టార్గెట్ మోయాలి. జవాబు చెప్పడానికి మూడు వారాలు గడువిచ్చారు. కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చేసరికి ఆయనకు నిద్ర పట్టడం లేదు.

(ఈ కేస్ రాయడానికి దంపతులిద్దరూ ఒప్పుకున్నారు. ఆనవాలు దొరికే వివరాలు కొన్ని మార్చాను.)

ముందుగా నేను చూసింది డిప్రెషన్ ఉందా అని. ఇలాంటి సమస్యతో వచ్చినవాళ్లకు పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఇస్తాను. తొమ్మిది ప్రశ్నలు, గరిష్ఠ స్కోరు 27. పది దాటితే నేను జీవిత లక్ష్యాల పని మొదలుపెట్టను, ముందు వైద్యం చూడాలి. మనసు కుంగిపోయి ఉన్నప్పుడు మనిషి రాసుకునే లక్ష్యాలు ఆ కుంగుబాటు రాయించినవే అవుతాయి. ఈయన స్కోరు పదిలోపే ఉంది. నిద్ర తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి. క్లాసులో పాఠం చెబుతున్నప్పుడు ఈ టెన్షన్ గుర్తే రాదని ఆయనే చెప్పారు. నోట్సులో ఆ మాట కింద గీత గీసి పెట్టుకున్నాను.

లాభనష్టాల పట్టిక ఎందుకు తేల్చలేకపోయింది

వచ్చేటప్పుడే ఆయన ఒక కాగితం తెచ్చారు. ఎడమవైపు వెళ్తే లాభాలు, కుడివైపు నష్టాలు. ఫిజిక్స్ చదివిన మనిషి కాబట్టి ప్రతి అంశానికీ పదికి ఇన్ని అని మార్కులు కూడా వేశారు. "ఒక రాత్రి హైదరాబాద్ గెలుస్తుంది, మర్నాడు రాత్రి ఇక్కడే గెలుస్తుంది మేడమ్" అన్నారు.

అలా కాక మరోలా ఎలా అవుతుంది? జీతం పెరగడానికి ఎనిమిది వేయాలా ఐదు వేయాలా, తండ్రికి దూరమవడానికి ఆరా తొమ్మిదా, అసలు తేలాల్సింది అదే. లాభనష్టాల పట్టిక ఆ మార్కులు ముందే తెలుసనుకుని మొదలవుతుంది. దేనికి ఎంత బరువివ్వాలో ముందు తేల్చుకుంటే తప్ప పట్టిక పనిచేయదు. జీవితంలో మనకు ఏది ముఖ్యమో కొద్ది వాక్యాల్లో రాసుకునే పర్సనల్ మిషన్ స్టేట్‌మెంట్ అనే పద్ధతికి నా దృష్టిలో ఉన్న ఉపయోగం ఇదే. అది ఉత్సాహం తెప్పించడానికి గోడకు అంటించుకునే కాగితం కాదు. ఏది ఎంత ముఖ్యమో ప్రశాంతంగా ఉన్నప్పుడు తేల్చి రాసి పెట్టుకుంటే, ఒత్తిడి మీద పడిన రోజున ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోనక్కర్లేదు.

ఆ మాట చెబితే ఆయన తన దగ్గర మిషన్ స్టేట్‌మెంట్ ఇదివరకే ఉందన్నారు. కాలేజీలో ఒక ట్రైనింగ్‌లో అందరి చేతా రాయించి లామినేషన్ చేసి ఇచ్చారట. ఫోన్‌లో ఫోటో చూపించారు: "విలువలతో కూడిన జీవితం గడుపుతూ, నిరంతరం నేర్చుకుంటూ, నా కుటుంబానికి, విద్యార్థులకు, సమాజానికి ఉపయోగపడే ఉత్తమ వ్యక్తిగా ఎదగడం."

"మాస్టారూ, ఇది చదివితే హైదరాబాద్ వెళ్లాలో వద్దో తెలుస్తోందా?" అని అడిగాను.

కాసేపు చూసి, "రెంటికీ సరిపోతుంది" అన్నారు.

అక్కడి నుంచే మా పని మొదలైంది. ఏ దారి పట్టినా సరిపోయే వాక్యం ఏ దారీ చూపించదు. మనకు నిజంగా కావాలనిపించే దాన్ని ఒక్కదాన్నైనా వద్దని చెప్పగలిగితేనే దాన్ని మిషన్ స్టేట్‌మెంట్ అంటాను.

లక్ష్యం వేరు, విలువ వేరు

మనస్తత్వవేత్త స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980ల నుంచి అభివృద్ధి చేసిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అనే మానసిక చికిత్సలో నాకు బాగా పనికొచ్చే తేడా ఒకటుంది. లక్ష్యం అంటే పూర్తి చేసి టిక్కు పెట్టగలిగేది. విలువ అంటే పూర్తి కానిది, ఎప్పటికప్పుడు నడుస్తూ ఉండాల్సిన దిక్కు. డీన్ కావడం లక్ష్యం. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం విలువ, అది ఏ సంవత్సరంతోనూ అయిపోదు. మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి లక్ష్యాలే నేర్పుతాం: ర్యాంకు, సీటు, ఉద్యోగం, పెళ్లి, ఇల్లు. నలభై దాటేసరికి చాలామందికి టిక్కులన్నీ పడిపోతాయి, తర్వాత ఏమిటో తోచదు. అప్పుడు ఎవరు ఏ పోస్టు చూపిస్తే అదే తర్వాతి టిక్కు అవుతుంది.

విలువలు బయటికి తీయడానికి కార్డులు వాడతాను. మనస్తత్వవేత్త విలియం మిల్లర్, సహచరులు 2001లో తయారుచేసిన కార్డుల పద్ధతి ఇది. కార్డుకొక విలువ రాసి ఉంటుంది, ముఖ్యమైనవి, కానివి అని కుప్పలుగా వేయాలి. వాటిని తెలుగులోకి మార్చి, సంఖ్య తగ్గించి వాడుతుంటాను.

తెలుగువాళ్లు ఈ కార్డులు పేర్చినప్పుడు దాదాపు ఎప్పుడూ పైన ఉండేది "కుటుంబం". ఈయన కూడా అదే పైన పెట్టారు. నా అనుభవంలో ఆ కార్డు అలాగే వదిలేస్తే ఏమీ తేలదు. ఎక్కువ జీతం కోసం హైదరాబాద్ వెళ్లేదీ కుటుంబం కోసమే, మానుకుని ఇక్కడ ఉండేదీ కుటుంబం కోసమే. అందుకని అడిగాను: "కుటుంబం అంటే ఏ రోజు, ఏ గంట?" ఆయన తడుముకోకుండా రాత్రి భోజనం అన్నారు. చిన్నప్పుడు తండ్రి ఎంత పొద్దుపోయి పొలం నుంచి వచ్చినా అందరూ కలిసే తినేవాళ్లట. ఇప్పుడు స్టడీ అవర్స్ డ్యూటీ అయ్యేసరికి తన పిల్లలు నిద్రపోతున్నారు.

రెండో స్థానంలో "గౌరవం" పెట్టారు. ఎవరి దగ్గర గౌరవం అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది పెళ్లిళ్ల సంగతి. తోడల్లుడు, చిన్నాన్న కొడుకులు కలిసినప్పుడల్లా "బావా, ఇంకా లెక్చరర్‌గానేనా?" అంటారు. తనతో పాటు చేరినవాళ్లలో ఇద్దరు ప్రిన్సిపాళ్లయ్యారు. మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్‌ల సెల్ఫ్ డిటర్మినేషన్ సిద్ధాంతంలో దీని గురించి వివరంగా ఉంది: బయటివాళ్ల మాట మనలోకి దిగి మన గొంతుతోనే మాట్లాడుతుంది, వినకపోతే సిగ్గు, అపరాధభావం కలిగిస్తుంది. అది మనం ఇష్టపడి ఒప్పుకున్న విలువ కాదు. నేను ఆ కార్డు తీసేయమనలేదు. దాని వెనక రాయమన్నాను. "నాన్న దగ్గర", "పిల్లల దగ్గర" అని రాశారు. పెళ్లిళ్ల ఊసు రాయలేదు.

కెల్లీ విల్సన్ రూపొందించిన వాల్యూడ్ లివింగ్ క్వశ్చనేర్ కూడా నింపించాను. జీవితంలోని పది రంగాలకు, అది ఎంత ముఖ్యమో ఒక అంకె, గత వారం దానికి తగ్గట్టు ఎంత నడుచుకున్నామో ఇంకో అంకె. పిల్లల పెంపకం ముఖ్యం 10, నడత 3. తన అంకెలు చూసి ఆయనకే బాధేసింది.

గతం ఇచ్చిన సాక్ష్యం

మనిషి ఏం కావాలనుకుంటున్నాడో అతని కలల్ని అడగడం కన్నా గతాన్ని అడగడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. కలల్లో అందరం గొప్పవాళ్లమే. అందుకని మూడు ప్రశ్నలకు జవాబులు రాసి తెమ్మన్నాను. ఎవరూ చెప్పకుండానే మీ సమయం ఎటు పోయింది? దేనికోసం నష్టపోవడానికి కూడా సిద్ధపడ్డారు? మీకు బాగా కోపం తెప్పించింది ఏమిటి?

తెచ్చిన పేజీల్లో కాలేజీ ప్రచారంలో కనిపించే ర్యాంకుల పిల్లలు లేరు. ఆయన టాప్ సెక్షన్‌కు కూడా చెబుతారు, దానికి ప్రత్యేకంగా అలవెన్సు ఉంది. కానీ పేజీల నిండా ఉన్నది చివరి సెక్షన్ల పిల్లలు. ఫిజిక్స్ తప్పి, మే నెలలో సప్లిమెంటరీ రాసేవాళ్ల కోసం సెలవుల్లో ఏళ్ల తరబడి డబ్బు తీసుకోకుండా కూర్చున్నారు. 2020 లాక్‌డౌన్‌లో జీతం సగానికి పడిపోయినప్పుడు, స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు మామూలు ఫోన్‌లో కాన్ఫరెన్స్ కాల్ పెట్టి లెక్కలు చెప్పారు. కోపం దగ్గర ఒకే వాక్యం రాశారు: "చివరి సెక్షన్ పీరియడ్లు కోసి టాప్ సెక్షన్‌కు ఇచ్చినప్పుడు."

కార్డుల్లో "విద్యాదానం", "సమానత్వం" లాంటివి ఆయన మధ్య కుప్పలో పడేశారు. పేర్లు పెద్దవిగా ఉంటే చాలామంది తమవి కావనుకుంటారు. చేసిన పనుల్లో చూస్తే అదే విలువ మొదటి నుంచీ ఉంది.

రాయడానికి ముందు ఆయనకు మదురై అరవింద్ కంటి ఆసుపత్రి సంగతి చెప్పాను. ఒక మిషన్ నిర్ణయాలను ఎలా నడుపుతుందో చెప్పడానికి మన దేశంలో నాకు తెలిసినంతలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. గోవిందప్ప వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకు రిటైరై, 1976లో 11 పడకలతో ఆ ఆసుపత్రి మొదలుపెట్టారు. అంతకు చాలా ఏళ్ల ముందే కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకర్లు పోయాయి, ఆ చేతులతోనే ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, నివారించగలిగే అంధత్వం ఉండకూడదు. "పెద్ద ఆసుపత్రి కట్టాలి" అనుకుని ఉంటే నిర్ణయాలు వేరే దారి పట్టేవి. కంటిలో పెట్టే కృత్రిమ లెన్సులను విదేశాల నుంచి తెప్పిస్తే పేదలకు అందని ధర. లెన్సు అందకపోతే అనుకున్న పని ఆగిపోతుంది. కాబట్టి 1992లో అరోల్యాబ్ పెట్టి లెన్సులు తామే తయారుచేశారు. కంటి ఆసుపత్రి వాళ్లు ఫ్యాక్టరీ పెట్టడమేమిటని అనిపించేదే, కానీ ఆ వాక్యాన్ని పట్టుకుని చూస్తే అది తప్పనిసరి అడుగు.

లెన్సుల దగ్గర ఫిజిక్స్ మాస్టారి కళ్లు మెరిశాయి. నాభ్యంతరాల (ఫోకల్ లెంగ్త్) గురించి ఆయనే కాసేపు నాకు పాఠం చెప్పారు. ఆ తర్వాతే కాగితం తీసుకున్నారు.

రాసింది, భార్య కలిపింది

మొదటి చిత్తుప్రతి ఆయన ఒక్కరే రాశారు. దాన్ని ఇంట్లో చూపించమన్నాను. మన దగ్గర ఒక మనిషి నిర్ణయం ఒక మనిషిది మాత్రమే అవడం అరుదు. పాశ్చాత్య దేశాల్లో పుట్టిన ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి, "మీకేం కావాలో మీరే తేల్చుకోండి" అంటే అది ఇంట్లో చిచ్చు పెడుతుంది. భార్యాభర్తలు ఒకే లోను కడుతున్నప్పుడు ఒకరి మిషన్ ఖర్చు ఇంకొకరి మీద పడుతుంది.

తర్వాతి సెషన్‌కు ఆవిడ కూడా వచ్చారు, లోను స్టేట్‌మెంట్ పట్టుకుని. ఆయన రాసింది మొత్తం చదివి, "బాగుందండీ. ఈఎమ్ఐ ఎలా కడతామో కూడా ఇందులోనే రాయండి" అన్నారు. డబ్బు సంగతి రాయని మిషన్ స్టేట్‌మెంట్ మొదటి అత్యవసరానికే కుప్పకూలుతుంది. మేం ముగ్గురం కూర్చుని లెక్కవేసి ఆ వాక్యం కలిపాం. చివరికి కాగితం ఇలా తయారైంది:

"అర్థం కాలేదని చెప్పడానికి భయపడే పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా పని. నా పని గంటల్లో సగానికి పైగా క్లాసులోనే గడవాలి. పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్లు వారానికి కనీసం 4 రాత్రులు వాళ్లతో కలిసి భోంచేస్తాను. నాన్నకు అవసరమైతే రెండు గంటల్లో చేరేంత దూరంలో ఉంటాను. ఈఎమ్ఐ, ఫీజులు, నాన్న మందులు పోను నెలకు 10,000 మిగలాలి. వరసగా మూడు నెలలు మిగలకపోతే ఈ కాగితం మళ్లీ రాస్తాను. దీనికి నేను చెల్లించే ధర: తోటివాళ్లు పెద్ద పోస్టుల్లోకి వెళ్తారు, నేను లెక్చరర్‌గానే రిటైర్ కావచ్చు."

చివరి వాక్యం నేను పట్టుబట్టి రాయించినది. ధర రాయకపోతే అది కోరిక మాత్రమే. ఆ వాక్యం రాయడానికి ఆయనకు మిగతా ఆరింటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

తర్వాత దాన్ని గతం మీద పరీక్షించాం. ఆయన జీవితంలోని మూడు పాత నిర్ణయాలు తీసుకుని, ఈ కాగితం అప్పుడే ఉంటే ఏం చెప్పేదో చూశాం. ఎయిడెడ్ కాలేజీలో పార్ట్‌టైమ్ వదిలి కార్పొరేట్‌లో చేరడం: డబ్బు వాక్యం సరేననేది, అప్పట్లో ఇల్లు గడవడమే కష్టం. లాక్‌డౌన్ పాఠాలు: సరే. అలవెన్సు కోసం టాప్ సెక్షన్ ఒప్పుకోవడం: వద్దనేది. ఆయన ఒప్పుకున్నారు, ఆ ఏడాది నుంచే కాలేజీకి వెళ్లాలంటే బరువుగా అనిపించడం మొదలైందన్నారు. పాత నిర్ణయాలన్నిటినీ మెచ్చుకునే మిషన్ స్టేట్‌మెంట్ మీద నాకు నమ్మకం ఉండదు. అది మనల్ని పొగడడానికి రాసుకున్నది. ఒక్కదాన్నైనా తప్పుపట్టాలి, ఆ తప్పుపట్టడం నిజమని మనసుకు తెలియాలి.

ఇక డీన్ పోస్టు దగ్గరకొచ్చేసరికి పెద్ద చర్చే జరగలేదు. నాలుగు వాక్యాలు వద్దన్నాయి. డబ్బు వాక్యం అడ్డు చెప్పలేదు, ఇప్పుడున్న జీతంతోనే గడుస్తోంది.

తర్వాత జరిగింది

పోస్టు వద్దన్నారు. వద్దనడంతో ఆగకుండా, టాప్ సెక్షన్ వదిలేసి మొదటి సంవత్సరం చివరి రెండు సెక్షన్లు అడిగారు. అవి ఎవరూ కోరి తీసుకునేవి కావు కాబట్టి వెంటనే ఇచ్చారు, అలవెన్సు మాత్రం తీసేశారు. నెలకు మిగిలేది 10,000కు అటూ ఇటూగా వచ్చింది. రాత్రి స్టడీ అవర్స్ డ్యూటీ వారానికి రెండు రోజులకు తగ్గించుకున్నారు. నిద్ర, జవాబు చెప్పిన వారంలోనే కుదుటపడింది.

కొన్నాళ్లకు తెనాలిలో ఒక స్నేహితుడు ట్యూషన్ సెంటర్‌లో భాగస్వామిగా రమ్మన్నాడు. డీన్ పోస్టు కన్నా ఇదే కష్టమైన పరీక్ష. తప్పిన పిల్లలకు పాఠం చెప్పేదే, నాన్నకు దగ్గర, డబ్బూ వస్తుంది. కానీ సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా క్లాసులు. మొదటి వాక్యం రమ్మంటోంది, భోజనం వాక్యం వద్దంటోంది. ఇలాంటి చోట ఏ వాక్యం పెద్దదో తేల్చడానికి కూర్చోను. రెండూ నిలబడేలా ప్రతిపాదననే మార్చగలమా అని చూస్తాను. పగటిపూట, మే నెల సప్లిమెంటరీ బ్యాచ్ వరకు మాత్రమే ఒప్పుకున్నారు. స్నేహితుడు కొంత నొచ్చుకున్నాడు.

ఇబ్బంది మరోచోట వచ్చింది. అమ్మాయి పదో తరగతి పూర్తి చేసి, నీట్ కోసం హాస్టల్లో ఉండి చదువుతానంది. ఈయన కాగితం చూపించి, మన ఇంట్లో హాస్టల్ మాట లేదన్నారు. అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. ఆయన భార్య నాకు ఫోన్ చేశారు.

మిషన్ స్టేట్‌మెంట్ రాసుకున్నవాళ్లలో ఇది తరచుగా చూస్తాను. స్పష్టత దొరికిన మనిషి ఆ స్పష్టతను ఇంట్లో అందరికీ చట్టం చేసేస్తాడు. ఆ సెషన్‌లో ఆయన్ను తన వాక్యాన్నే పైకి చదవమన్నాను: "పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్లు." అందులో పిల్లలు ఇంట్లోనే ఉండాలని లేదు. కాగితం రాసుకున్నవాళ్లనే కట్టేయాలి, పక్కవాళ్లను కాదు. హాస్టళ్లలో పిల్లలు పడే ఒత్తిడి ఆయన రోజూ చూస్తారు, ఆ భయం న్యాయమైనది. దాన్ని భయంగానే కూతురితో చెప్పాలి. చెప్పారు. తండ్రీకూతుళ్లు కలిసి రెండు చోట్ల హాస్టళ్లు చూసొచ్చారు. ఆదివారం ఇంటికి పంపే చోట చేర్పించారు, తట్టుకోలేననిపిస్తే సంవత్సరం మధ్యలోనైనా వచ్చేయొచ్చని ముందే మాటిచ్చారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను అమ్మాయి పుస్తకంలో ఆయనే రాసిచ్చారు.

అప్పటి నుంచి కాగితం మార్చడానికి ఒక నియమం పెట్టుకున్నాం. ఏదైనా ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు దాన్ని మార్చకూడదు. డబ్బు వాక్యం విరిగినప్పుడు తప్ప, మార్పులన్నీ ఏటా జూన్‌లో, కాలేజీ మొదలయ్యేటప్పుడే.

వచ్చే జూన్‌లో బల్ల మీద రెండు కాగితాలు ఉండబోతున్నాయి. ఆయన భార్య బ్యాంకులో ఆఫీసర్ ప్రమోషన్ పరీక్ష రాయాలనుకుంటున్నారు. పాసైతే ట్రాన్స్‌ఫర్ తప్పకపోవచ్చు. ఆయన రాసుకున్న "రెండు గంటల దూరం" ఆవిడకు అడ్డం కావచ్చు, ఆవిడ ప్రమోషన్ ఆయన నాలుగు రాత్రులను మింగేయొచ్చు. ఆవిడ తన కాగితం ఆయనకు చూపకుండా విడిగా రాస్తున్నారు, నేనే అలా రాయమన్నాను. ఆయన చేత రాయించినట్టే, తాను చెల్లించే ధర ఏమిటో చివరి వాక్యంలో ఆవిడ చేతా రాయిస్తున్నాను.